మీ ఒక్కరి కోసమే చేసిన వీడియో

మనుషులు అమ్మడం, కొనడం నేర్చుకున్న ఇన్ని వేల ఏళ్లకి, అమ్మేవాడికి కొనేవాడి మీద నిజమైన ప్రేమ పుట్టిన కాలం ఇది. పూర్వం అమ్మేవాళ్లు వీధిలో నిలబడి అందరికీ కలిపి ఒకటే కేక వేసేవారు. తర్వాత్తర్వాత 'ప్రియమైన వినియోగదారునికి' అని ఉత్తరాలు రాశారు. ఇప్పుడలా కాదు. ఒక్కొక్క మనిషినీ విడిగా ఎంచుకుని, అతని పేరు కనుక్కుని, ఆ పేరుని తెల్లబోర్డు మీద రాసి, దాన్ని గుండెలకి ఆనించి పట్టుకుని, కెమెరాలోకి చూసి నవ్వుతూ, "ఈ వీడియో మీ ఒక్కరి కోసమే చేశానండీ" అంటున్నారు. (రోజుకి నలభై మందితో అంటారు. కానీ ఒక్కొక్కరితో ఒక్కసారే అంటారు కనుక అందులో అబద్ధమేమీ లేదు.)

ఇంతటి ప్రేమ నీటి మీటర్ల సంస్థ ప్రధాన కార్యాలయంలో, మూడో అంతస్తు మెట్ల పక్క గదిలో కూర్చునే స్టాంపుగారి మీద కురిసింది.

స్టాంపుగారికి యాభై నాలుగేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఒక్కటే. కొనుగోళ్ల విభాగానికి వచ్చే ప్రతి కాగితాల కట్టలోనూ పేజీల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడడం, ఉంటే చివరి పేజీ మీద 'చూడబడింది' అని ముద్ర వేయడం. కాగితాల్లో ఏముందో చదవడం ఆయన పని కాదు. (అది ఎవరి పనో నియమావళిలో ఎక్కడా లేదు. నియమావళి పేజీ నంబర్లు మాత్రం వరసగానే ఉన్నాయి.)

ఆఫీసులో ఆయన కంటే చిన్నవాళ్లు 'స్టాంపుగారూ' అనేవారు, పెద్దవాళ్లు 'స్టాంపూ' అనేవారు. ఇంట్లో భార్యకి ఆయన 'ఏవండీ'. కూతురికి నాన్న. అత్తవారికి పెద్దల్లుడు. కింది వాటావాళ్లకి పైవాటా ఆయన. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉన్న మాట నిజమే గానీ దాన్ని వాడాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

అలాంటి పేరు లోకానికి తెలియడం వెనక ఒక పన్నునొప్పి ఉంది. రెండేళ్ల కిందట సంస్థకి వెబ్‌సైటు తయారు చేయించారు. అందులో 'కొనుగోళ్ల ప్రధానాధికారి' అన్న గడి నింపితే గానీ పేజీ ముందుకి కదలదట. ఆ రోజు అసలు ప్రధానాధికారి, అంటే పెద్దసారు, పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు. వెబ్‌సైటు చేసే మనిషి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి "ఇక్కడెవరున్నారండీ?" అన్నాడు.

"నేనున్నాను" అన్నారు స్టాంపుగారు. ఉన్నారు కదా మరి.

"పేరు, ఫోను నంబరు చెప్పండి."

చెప్పారు. అతను ఇంటిపేరుతో సహా ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

తప్పు తెలిశాక స్టాంపుగారు ఊరుకోలేదు. దిద్దమని పదకొండు ఉత్తరాలు రాశారు. మార్పు కావాలంటే వెబ్‌సైటులో ప్రధానాధికారిగా ఉన్న వ్యక్తి సంతకం చేయాలని జవాబొచ్చింది. చేసి పంపారు. సంతకం చేసిన వ్యక్తి ప్రధానాధికారి కాదని తమ విచారణలో తేలింది కనుక ఆ సంతకం చెల్లదని మరో జవాబొచ్చింది. ఆ రెండు జవాబులకీ పేజీ నంబర్లు వేసి, ముద్ర కొట్టి, బీరువాలో పెట్టేశారు.

మొదటి వీడియో ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. స్టాంపుగారు క్యారియరు విప్పుకుని భోజనం చేస్తున్నారు. ఫోను మోగితే ఎడమచేత్తో నొక్కారు. తెరమీద టై కట్టుకున్న ఒక యువకుడు తెల్లబోర్డు పట్టుకుని ఉన్నాడు. బోర్డు మీద స్టాంపుగారి అసలు పేరు. కిందే ఒక చిరునవ్వు బొమ్మ. ఆ యువకుడు స్టాంపుగారిని ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా, గారు చేర్చి పిలిచాడు. పిలిచి, "మీ కార్యాలయం పైకప్పు గురించి నేను రాత్రంతా ఆలోచించానండీ" అన్నాడు.

స్టాంపుగారు ముద్ద కిందపెట్టి వెనక్కి తిరిగి చూశారు. గోడ తప్ప ఎవరూ లేరు. పదో తరగతి హాజరుపట్టీ తర్వాత ఆ పేరుని అంత స్పష్టంగా ఎవరూ పలకలేదు. వీడియో చివరిదాకా చూశారు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ చూశారు. పైకప్పుకి నీరు దిగకుండా పూసే రంగు అట. మంచిదే అయ్యుంటుంది అనుకున్నారు.

ఆ తర్వాత అడ్డూ ఆపూ లేదు. మంటలార్పే సిలిండర్లవాళ్లు, జనరేటర్లవాళ్లు, ప్రింటర్లవాళ్లు, ఎలుకలమందువాళ్లు వరసకట్టారు. అందరూ ఆయన జీవితాన్ని శ్రద్ధగా చదువుకుని మరీ వచ్చారు. చదవడానికి దొరికింది ఒక్కటే. సంస్థ వార్షిక సంచికలో, ఉద్యోగుల చదరంగం పోటీలో మూడో బహుమతి అందుకుంటున్న ఫొటో. (పోటీలో పాల్గొన్నవారు ముగ్గురు.) దాంతో ఎవరు మొదలుపెట్టినా అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు. "సార్, మూడెత్తుల ముందే ఆలోచించే మీలాంటి మేధావి, ఎలుకల విషయంలో ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?" అని ఎలుకలమందాయన బాధపడ్డాడు.

ఇంటికెళ్లి భార్యకి చూపించారు. ఆవిడ కంటి ఆస్పత్రిలో రిసెప్షన్లో పనిచేస్తుంది. రోజంతా టోకెను నంబర్లు పిలిచి పిలిచి, ఇంటికొచ్చాక మాట పొదుపుగా వాడుతుంది.

"ఎవరావిడ?" అంది తెరమీదికి వంగి.

"ప్రింటర్లు అమ్ముతుంది."

"మిమ్మల్ని చూసి ఎందుకు నవ్వుతోంది?"

"నాకోసమే నవ్వుతోంది. అదే ఇందులో ప్రత్యేకత."

"మనకి ప్రింటరెందుకండీ?"

"కొనడానికి కాదులే. ఊరికే. చూడు, పేరు పెట్టి ఎలా పిలిచిందో."

ఆవిడ దుప్పటి దులుపుతూ అంది. "నేను రోజుకి నూటపది మందిని నంబరు పెట్టి పిలుస్తాను. ఇంతవరకూ ఒక్కరూ బాధపడలేదు. పేరు పెట్టి పిలిస్తే ముగ్గురేసి లేచొస్తారు."

కుర్చీల అమ్మాయి వీడియో వచ్చింది వీళ్లందరి తర్వాత. ఆఫీసు కుర్చీలు చేసే కంపెనీలో ఆమెకి ఉద్యోగం. ఆ కంపెనీలో అమ్మకాల విభాగాన్ని ఎత్తేసి 'ఆప్యాయతా విభాగం' అని పెట్టారు. దానికొక ఆప్యాయతాధికారి, ఒక నిబంధనల పుస్తకం. కొనబోయేవారి పేరు సరిగ్గా మూడుసార్లు పలకాలి. ఏడో సెకనులో నవ్వాలి. (అంతకంటే ముందు నవ్వితే అమ్మేవాడిలా కనిపిస్తారు. ఆలస్యమైతే అప్పు అడిగేవాడిలా కనిపిస్తారు.) ఇరవయ్యో సెకనులో తల ఎడమవైపుకి కొద్దిగా వంచి, కొనబోయేవారి కష్టం ఒకటి చెప్పి, అది తన కష్టమే అన్నట్టు ఉండాలి.

ఆమె అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది. చివర్లో, "మీరు కూడా ఒక వీడియో పంపితే చాలా సంతోషిస్తాను సార్" అంది. అందరూ అనే మాటే అది. ఎవరూ పంపరు. స్టాంపుగారు పంపారు.

తలుపేసుకుని, ఏడుసార్లు ప్రయత్నించి, ఏడోది ఖాయం చేశారు. "నమస్కారమమ్మా. మీ వీడియో చూశాను. చాలా స్పష్టంగా ఉంది. ఉంటాను." అంతే.

మర్నాడు జవాబొచ్చింది. ఈసారి ఆమె చేతిలో బోర్డు లేదు. ఏడో సెకనులో నవ్వలేదు. "సార్, మీ వీడియోలో పన్నెండో సెకను దగ్గర కిర్రుమని చప్పుడొచ్చింది. మీ కుర్చీ వెనకభాగంలో స్ప్రింగు పోయింది. మీరు తెలీకుండానే కుడివైపుకి ఒరిగి కూర్చుంటున్నారు. సాయంత్రం నాలుగయ్యేసరికి నడుము పట్టేస్తూ ఉండాలి. తువ్వాలు మడిచి ఎడమవైపు పెట్టుకోండి సార్. కుర్చీ కొనేదాకా."

స్టాంపుగారు గడియారం వైపు చూశారు. నాలుగూ అయిదు. నడుము పట్టేసి ఉంది. ఆరేళ్లుగా ఆ నొప్పి ఉన్నట్టు తనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఇంట్లో దాన్ని సణుగుడు కింద జమకట్టారు.

తువ్వాలు మడిచి పెట్టుకున్నారు. నొప్పి కాస్త తెరిపిచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఇంకో వీడియో పంపారు. ఆమె తల తడుపుకుని జలుబు తెచ్చుకున్న సంగతి చెప్పింది. ఈయన కూతురి పరీక్షల సంగతి చెప్పారు. అలా ప్రతి మంగళవారం ఇటునుంచొకటి, అటునుంచొకటి. ప్రతిసారీ చివర్లో ఆమె, "మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తుంటాను సార్" అనేది. అక్కడ మాత్రం స్టాంపుగారి గుండెలో ముల్లు గుచ్చుకునేది. ఇరవై ఆరేళ్లలో ఆయన స్వయంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటే. ముద్రకి వాడే సిరా ఊదారంగుదా, నీలంరంగుదా అన్నది. అది కూడా తర్వాత పైవాళ్లు మార్చేశారు.

నిజం చెప్పేద్దామని మూడుసార్లు రికార్డు చేశారు. మూడుసార్లూ చెరిపేశారు.

ఇంతలో పెద్దసారుకి తెలిసింది. ఒకరోజు గది ముందునుంచి వెళ్తూ, లోపల ఎవరో ఎవర్నో గౌరవంగా పిలుస్తుంటే ఆగి, తొంగిచూశారు.

"ఎవరయ్యా అది, ఎవర్ని పిలుస్తోంది?"

"నన్నే సార్."

"నీ పేరు అదా?" అన్నారు పెద్దసారు. తొమ్మిదేళ్లుగా ఆయన కింద పనిచేస్తున్నారు స్టాంపుగారు. పెద్దసారు బల్ల అంచు మీద కూర్చుని మూడు వీడియోలు చూశారు. ఆయన మొహం క్రమంగా వాడిపోయింది. "అసలు కొనేది నేను కదా స్టాంపూ. మరి నాకెందుకు రావు?"

"వెబ్‌సైటులో మీ పేరు లేదు సార్."

"మరి నీకు చెప్పాలని తోచలేదా?"

"పదకొండు ఉత్తరాలు రాశాను సార్. అన్నీ మీ ద్వారానే వెళ్లాయి."

పెద్దసారు లేచి వెళ్లిపోయారు. మర్నాడు ఒక ఉత్తర్వు వెలువడింది. 'వ్యక్తిగత వీడియోల స్వీకరణ, వీక్షణ, సంతోష నియంత్రణ నిబంధనలు' అని దాని పేరు. దాని ప్రకారం ఏ ఉద్యోగికైనా పేరు పెట్టి పిలిచే వీడియో వస్తే దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. ముగ్గురు సభ్యుల సంఘం సమక్షంలోనే చూడాలి. పిలవబడిన వ్యక్తి హాజరు కావాలి గానీ పొంగిపోరాదు. పొగడ్త మరీ ఎక్కువగా ఉంటే, ఆ మిగులు భాగం ప్రధానాధికారికి చెందుతుంది.

సంఘంలో జీతాల విభాగం మేడమ్, న్యాయ సలహాదారు, ఇంకెవరూ దొరక్క సంస్థ జీపు డ్రైవరు. మొదటి మంగళవారం ముగ్గురూ మొహాలు బిగించుకుని కూర్చున్నారు. రెండో మంగళవారం జీతాల మేడమ్ పావుగంట ముందే వచ్చి కూర్చుంది. మూడో మంగళవారం మినిట్సులో ఇలా రాశారు. 'కుర్చీల అమ్మాయి గొంతు బొంగురుగా ఉన్నందుకు సభ్యులు ఏకగ్రీవంగా ఆందోళన వ్యక్తం చేశారు. ఆమె మొహం పీక్కుపోయిందని డ్రైవరు ప్రత్యేకంగా నమోదు చేయించారు.'

డ్రైవరు కన్ను మంచిదే. ఆ తర్వాతి సోమవారం పదకొండింటికి ఆ పీక్కుపోయిన మొహంతోనే కుర్చీల అమ్మాయి స్వయంగా మూడో అంతస్తుకి వచ్చింది.

తెరమీద కంటే పొట్టిగా ఉంది. భుజానికి సంచి, అందులోంచి బోర్డు మూల పైకి కనిపిస్తోంది. స్టాంపుగారు లేచి నిలబడ్డారు. ఆర్నెల్లుగా ప్రతివారం మాట్లాడుకున్న ఇద్దరూ ఎదురుబడడం అదే మొదటిసారి. ఆమె బల్ల వెనక్కి వంగి చూసింది.

"తువ్వాలు పెట్టుకున్నారు సార్" అంది.

"పెట్టుకున్నానమ్మా. కూర్చో."

ఉన్న ఒక్క స్టూలు మీదా ఫైళ్లున్నాయి. వాటిని తీసి కిందపెడుతూ, మొహం చూడక్కర్లేని ఆ కాస్త వీలులో, స్టాంపుగారు అనేశారు. "అమ్మా, నీకొక సంగతి చెప్పాలి. నేను ప్రధానాధికారిని కాను. నాకు ఒక్క కుర్చీ కొనే అధికారం కూడా లేదు. పేజీలు లెక్కపెడతాను, అంతే."

"తెలుసు సార్."

స్టాంపుగారు ఫైళ్లతోనే నిలబడిపోయారు. "ఎప్పట్నుంచి?"

"రెండో వారంనుంచి. మీ వెనక గోడకి ఉద్యోగుల జాబితా అంటించి ఉంది కదా. పెద్దది చేసి చూస్తే మీ హోదా కనిపించింది."

"మరి ఎందుకమ్మా ఇన్నాళ్లూ..."

ఆమె స్టూలు అంచున కూర్చుంది. "మీరొక్కరే చివరిదాకా చూస్తారు సార్. ఎవరెంతసేపు చూశారో మా కంప్యూటరుకి తెలిసిపోతుంది. అందరూ నాలుగో సెకనులో ఆపేస్తారు. వాళ్ల పేరు వినగానే ఆపేస్తారు. నేను ఏడో సెకనులో నవ్వేసరికి అక్కడ ఎవరూ ఉండరు. మీరు నూటికి నూరు పాళ్లు చూస్తారు, జవాబు కూడా ఇస్తారు. మీవల్లే నా ఉద్యోగం ఇన్నాళ్లు నిలబడింది."

స్టాంపుగారు ఫైళ్లని నేలమీద పెట్టారు. తను మోసం చేస్తున్నానని ఆర్నెల్లు కుమిలిపోయిన మనిషికి, ఆ మోసం అవతలివాళ్లకి అన్నం పెట్టిందని తెలిసింది.

"మా దగ్గర కొనబోయేవాళ్లు నాలుగు రకాలు సార్" అంది ఆమె. "చల్లనివారు, గోరువెచ్చనివారు, వేడివారు, మరిగేవారు. మీరు ఆర్నెల్లనుంచి మరుగుతున్నారు."

"అంతకాలం మరగొచ్చా?"

"మరగకూడదు సార్. ఇలా జరగడం ఇదే మొదటిసారి అట. అందుకే మా ఆప్యాయతాధికారి రేపు తనే వస్తున్నారు, మీచేత సంతకం పెట్టించుకోవడానికి. పెట్టకపోతే నన్ను తీసేస్తారు. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, చెల్లి. చెల్లిది నర్సింగు రెండో ఏడు. ఉద్యోగం సంగతి వాళ్లింకా చిన్న విషయమే అనుకుంటున్నారు." ఆమె గొంతు బొంగురుగానే ఉంది. "మీకు ముందే చెబుదామని వచ్చాను. ఆయన వచ్చి మిమ్మల్ని నిలదీస్తే మీకు బాగోదు కదా."

తన ఉద్యోగం పోతుంటే ఎదుటివాడి మర్యాద గురించి ఆలోచించి బస్సెక్కి వచ్చిన మనిషిని స్టాంపుగారు కాసేపు చూశారు. తర్వాత గుమ్మందాకా వెళ్లి, నడవా చివరున్న పెద్దసారు గది తలుపు వేసి ఉండడం చూసి వచ్చారు.

"బోర్డు తెచ్చావు కదా?"

"తెచ్చాను సార్. అలవాటు."

"ఇలా ఇయ్యి."

దస్తావేజుల గదిలో బీరువాల మధ్య నిలబడి, స్టాంపుగారు బోర్డు మీద పెద్దసారు పేరు రాశారు. ఇరవై ఆరేళ్లు అంకెలు దిద్దిన చెయ్యి. అక్షరాలు అచ్చు వేసినట్టు వచ్చాయి.

"ఈయన మా జాబితాలో లేరు సార్. లేనివాళ్లకి వీడియో చేస్తే తప్పు."

"రేపు ఎలాగూ తీసేస్తారంటున్నావుగా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఈయన గురించి ఏం చెప్పాలి? బహుమతులేమన్నా వచ్చాయా?"

స్టాంపుగారు నడవా వైపు చూసి గొంతు తగ్గించారు. "మూడేళ్ల కిందట ఆయనొక నోటు రాశారు. నీటి మీటరు మూతలకి తాళాలు వద్దు, కొక్కెం చాలు అని. తాళాలు తుప్పు పట్టి, మీటరు చదివేవాళ్లు వాటిని బద్దలుకొట్టలేక లెక్క ఊహించి రాసేస్తున్నారని. బొమ్మ కూడా గీశారు. తొమ్మిది పేజీలు. పైకి పంపారు. జవాబు రాలేదు. ఎవరూ దాన్ని చదవలేదు."

"మీకెలా తెలుసు సార్?"

"నేను చదివాను" అన్నారు స్టాంపుగారు. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. "చదవకూడదు. పేజీలు లెక్కపెడుతూ చదివేశాను. మంచి నోటమ్మా."

ఫోను స్టాంపుగారు పట్టుకున్నారు. ఆమె బోర్డు గుండెలకి ఆనించుకుని పెద్దసారుని పేరు పెట్టి పిలిచింది. మీటరు మూతల నోటు గురించి విన్నానంది. మా నాన్నగారు మీటరు రీడరుగా చేసేవారు, తాళం విరగ్గొట్టబోయి చెయ్యి కోసుకున్నారు, మీ కొక్కెం అప్పుడే పెట్టి ఉంటే ఆ మచ్చ ఉండేది కాదు అంది. కుర్చీల ఊసు చివర్లో ఒక్క ముక్క ఎత్తింది. మధ్యలో ఎప్పుడో, ఏ సెకనో ఎవరూ లెక్కపెట్టకుండానే, నవ్వింది.

"మీ నాన్నగారు నిజంగానే మీటరు రీడరా?" అన్నారు స్టాంపుగారు ఫోను దింపి.

"నిజంగానే సార్. నిజం చెప్పడానికి పుస్తకంలో చోటు లేదు, అంతే."

పంపారు. నడవాలో నిలబడ్డారు. కాసేపటికి పెద్దసారు గదిలోంచి ఆయన పేరు వినిపించింది. మళ్లీ వినిపించింది. భోజనాల వేళకి మొత్తం పధ్నాలుగుసార్లు వినిపించింది.

మర్నాడు ఆప్యాయతాధికారి వచ్చాడు. మెరిసే బూట్లు, రెండు ఫోన్లు. స్టాంపుగారి చెయ్యి పట్టుకుని ఊపుతూ ఆయన పేరు మూడుసార్లు పలికాడు. స్టాంపుగారు లోలోపల లెక్కపెట్టుకున్నారు. సరిగ్గా ఏడుకి నవ్వాడు. వెనక గోడనానుకుని అమ్మాయి నిలబడి ఉంది.

అప్పుడే పెద్దసారు లోపలికి వచ్చారు. చొక్కా కొత్తది. అమ్మాయి కోసం చూస్తున్నారు.

ఆప్యాయతాధికారి ఆయన చేతిలో ఒక ఫోను పెట్టాడు. "ఇదిగో బాబూ, కొంచెం ఇలా అడ్డంగా పట్టుకుని తియ్యి. సారు సంతకం పెట్టడం మొత్తం రావాలి. చెయ్యి కదపకు."

పెద్దసారు ఫోను పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో తర్వాత ఆయనకీ అర్థం కాలేదు. సంఘం సభ్యులు ముగ్గురూ గుమ్మంలో బిగుసుకుపోయారు. డ్రైవరు కళ్లు మూసుకున్నాడు.

అమ్మాయి ముందుకొచ్చింది. "సార్, వారేనండీ ప్రధానాధికారిగారు. మీటరు మూతలకి కొక్కెం పెట్టాలని నోటు రాసింది వారే."

ఆప్యాయతాధికారి స్టాంపుగారి చెయ్యి వదిలేశాడు. పెద్దసారు వైపు తిరిగాడు. మళ్లీ ఒకటినుంచి లెక్కపెట్టుకున్నాడు కాబోలు, ఏడో సెకనులో నవ్వాడు.

పెద్దసారు అతన్ని చూడలేదు. "మీ నాన్నగారి చెయ్యి ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు.

రెండువందల నలభై కుర్చీల ఆర్డరు ఆ మధ్యాహ్నమే తయారైంది. స్టాంపుగారు పేజీలు లెక్కపెట్టి ముద్ర వేశారు. రెండేళ్లుగా కదలని వెబ్‌సైటు ఆ సాయంత్రమే, నలభై నిమిషాల్లో, మారింది. కుర్చీలు దిగాక అర్హుల జాబితా వచ్చింది. స్ప్రింగు కుర్చీకి అర్హత సహాయ పర్యవేక్షకుడి హోదానుంచి మొదలవుతుంది. స్టాంపుగారిది దానికి ఒక మెట్టు కింద. దయతలచి, పెద్దసారు వదిలేసిన పాత కుర్చీ ఆయనకిచ్చారు. చాలా పెద్ద కుర్చీ. వెనక్కి వాలితే కాళ్లు నేలకి అందవు.

వెబ్‌సైటు మారిన రోజునుంచి స్టాంపుగారి ఫోను మూగపోయింది. పైకప్పు రంగువాళ్లు, ఎలుకలమందువాళ్లు, అందరూ ఒక్కసారిగా వెళ్లిపోయారు. నాలుగోరోజు సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఇవాళ కూడా ఎవరూ నవ్వలేదా?"

"లేదు."

"పోనీలెండి. పాపం, వాళ్లకి మాత్రం దవడలు నొప్పి పుట్టవా?" అంది. కాసేపాగి, నడుముకి పెట్టుకోమని వేడినీళ్ల సంచి తెచ్చి పక్కన పెట్టింది. ఆ సణుగుడు నొప్పి అని ఆవిడకి ఎప్పుడు తెలిసిందో ఆయన అడగలేదు.

కుర్చీల అమ్మాయి ఒక్కసారి ఫోను చేసింది. వీడియో కాదు, మామూలు ఫోనే. పదోన్నతి ఇచ్చారట. ఇప్పుడు వీడియోలు చేయడం లేదు, కొత్తవాళ్లకి నేర్పుతోంది. "మన వీడియోలన్నీ పాఠాలు చేశారు సార్" అంది. ఆ గొంతులో సంతోషమో ఇంకేమిటో తెలీలేదు. "దీనికి కిర్రు పద్ధతి అని పేరు పెట్టారు. ఎవరికి వీడియో పంపినా, పన్నెండో సెకను దగ్గర మీ కుర్చీ కిర్రుమంది, నాలుగింటికి మీ నడుము పట్టేస్తుంది అని చెప్పాలి. అవతలివాళ్లు జవాబు పంపకపోయినా చెప్పాలి. నిలబడి పనిచేసేవాళ్లకి కూడా చెబుతున్నారు."

స్టాంపుగారు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నారు. "నువ్వు మాత్రం నిజంగానే విన్నావు కదమ్మా?"

"విన్నాను సార్."

"అయితే సరే" అన్నారు. ఇద్దరూ ఫోను పెట్టేశారు.

ఆ వీడియోలన్నీ ఇప్పుడు పెద్దసారుకి వస్తున్నాయి. అయితే అమ్మేవాళ్ల జాబితాల్లో పేరు, ఫోను నంబరు మారాయి గానీ మిగతా వివరాలు మారలేదు. దాంతో రోజుకి ముప్ఫైమంది పెద్దసారుని చదరంగంలో మూడో స్థానం సాధించినందుకు అభినందిస్తున్నారు. ఆయనకి పావులెలా నడుస్తాయో కూడా తెలీదు. మొదటివారం ఊరుకున్నారు. రెండోవారం నాలుగో సెకనులో ఆపేయడం నేర్చుకున్నారు.

నెల గడిచాక ఒకరోజు స్టాంపుగారిని గదికి పిలిపించారు. తలుపు వేయమన్నారు. కొత్త కుర్చీలో అటూ ఇటూ తిరిగారు.

"ఆ అమ్మాయి దగ్గర్నుంచి మళ్లీ ఏమీ రాలేదేంటయ్యా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది సార్."

"మరి?"

"కొనేశారు కదా సార్. కొన్నవాళ్లని వాళ్లు 'పూర్తయినవారు' అంటారు. పూర్తయినవారికి ఎవరూ వీడియో చెయ్యరు."

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశారు. కింద ఆవరణలో మీటర్ల లారీ ఏదో వెనక్కి వస్తోంది. చాలాసేపు దాన్నే చూసి, ఇటు తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"వాళ్ల దగ్గర బల్లలు కూడా ఉంటాయా?"

"ఉంటాయి సార్. బల్లలు కొంటున్నామా?"

"కొనం" అన్నారు పెద్దసారు. "కొనేట్టు ఉంటాం."